మూతి కుట్టిన గలీబు

హుస్సేనమ్మకి ఒక్క మాట కావాలి. జిలానీ ఉన్నాడా, లేడా? అంతే. ఇంకేం అక్కర్లేదు ఆమెకి.

ఆ మాట ఆమె స్టేషన్లో అడిగింది. ఆసుపత్రుల్లో శవాల గది ముందు బల్ల మీద కూర్చుని అడిగింది. కొడుకు ఫొటో పట్టుకుని రైళ్ళలో బఠాణీలు అమ్మేవాళ్ళని, జామకాయలు అమ్మేవాళ్ళని, ఆఖరికి కళ్ళు లేని పాటగాళ్ళని కూడా అడిగింది.

"ఫొటో నాకెందుకు చూపిస్తావమ్మా? గొంతు ఎట్టుంటదో చెప్పు" అన్నాడు ఒక గుడ్డాయన.

గొంతు ఎట్టుంటదో చెప్పాలని నోరు తెరిచి, ఆ ప్లాట్‌ఫారం మీదే కూలబడింది.

జిలానీ ఆమెకి ఒక్కడే కొడుకు. మొగుడు చనిపోయాక వాడే ఇల్లు నడిపాడు. గూడూరు స్టేషన్లో రైలెక్కి సెల్లు ఛార్జింగు వైర్లు అమ్మేవాడు. గుండ్రటి వైర్లు కాదు, పట్టీ వైర్లు. లంగా నాడాలాగా పల్చగా, వెడల్పుగా ఉంటాయి. "పట్టీ వైరండీ, పట్టీ వైరు! చిక్కు పడదు, ముడి పడదు! పెళ్ళాం అలిగినా వైరు అలగదు!" అని అరిచేవాడు. పెట్టెలో జనం నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళలో కొందరు కొనేవాళ్ళు.

పట్టీ వైరుకి చిక్కు పడదు, నిజమే. కానీ దానికి మడత పనికిరాదు. సంచిలో అడ్డదిడ్డంగా కుక్కితే మడత దగ్గర లోపలి తీగ తెగుతుంది. పైకి ఏమీ కనపడదు. కొన్నవాళ్ళు ఇంకోసారి అదే రైల్లో ఎదురుపడి తిట్టేవాళ్ళు. ఒకరోజు జిలానీ ఆ తిట్లన్నీ తిని ఇంటికొచ్చాడు.

"అమ్మా, దీనికో గలీబు కుట్టగలవా?"

"వైరుకి గలీబేందిరా? అదేమన్నా దిండా?"

"ఇన్నాళ్ళూ దిండ్లకి కుట్టలా? దీనికీ కుట్టు. ఇదీ పడుకుంటది."

వాళ్ళు దూదేకులవాళ్ళు. పరుపులు, దిండ్లు కుట్టడం ఆమెకి పుట్టింటి నుంచి వచ్చిన పని. పరుపులకి కోయగా మిగిలిన చారల గుడ్డని సన్నగా చీల్చి, పొడుగునా కుట్టు వేసి, గొడుగు ఊచతో తిరగేసింది. వైరుకి పిన్నీసు తగిలించి, లంగాకి నాడా ఎక్కించినట్టు లోపలికి ఎక్కించింది. రెండు మూతుల్లోంచీ రెండు కొసలు బయటికి తొంగిచూశాయి. మెత్తగా చుట్ట చుట్టి కాజాకి గుండీ పెడితే అరచేతిలో ఇమిడింది.

"వైరుకి చొక్కా తొడిగినావు గదమ్మా!" అని వాడు మురిసిపడ్డాడు. మర్నాటి నుంచి వాడి అరుపులో ఇంకో మాట చేరింది. "మా అమ్మ కుట్టిన గలీబు ఊరికే!"

ఆ రోజు పొద్దున కూడా ఆమె గలీబులే కుడుతోంది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ జిలానీ, "పోతన్నానమ్మా" అన్నాడు.

ఆమె మిషను మీంచి తల ఎత్తలేదు. "పోతన్నా అనకూడదురా. పోయొస్తా అను."

వాడు నవ్వాడు. అప్పుడే బండి కూత వినపడింది. అనాల్సిన మాట అనకుండానే పరిగెత్తాడు.

మళ్ళీ రాలేదు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆ మాట లేదు. పోవడం అనే మాట ఏ రూపంలోనూ ఎవరూ అనకూడదు. దీపాలారితే "కరెంటు లేదు" అనాలి. పాలు "విరిగినయ్" అనాలి. వచ్చిన చుట్టం లేచేటప్పుడు "బయల్దేరతాను" అనాలి. జిలానీ పెళ్ళాం మాబున్నికి మొదట్లో నోరు తిరగలేదు. ఒకసారి "అన్నం మాడిపోయిందత్తా" అని నాలుక కరుచుకుంది. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

తర్వాత తర్వాత ఆ పిల్ల నేర్చుకుంది. నోరు తెరిచి ఒక్క క్షణం ఆగేది. ఆ మాటని పక్కన పెట్టి, చుట్టు తిరిగి చెప్పేది. కొన్నాళ్ళకి మాట్లాడటమే తగ్గించింది.

హుస్సేనమ్మ గలీబులు కుట్టడం మాత్రం ఆపలేదు. తొడగడానికి వైర్లు లేవు, అమ్మడానికి వాడు లేడు. గోనెసంచి నిండా గలీబులు. వాడొస్తే ఒక్కరోజు కూడా పని ఆగకూడదు కదా.

ఇట్లా ఏళ్ళు గడిచాక, ఒక గురువారం పొద్దున మాబున్ని తల్లి పీరమ్మ వచ్చింది. వస్తూనే, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"వదినా, కోపం తెచ్చుకోకు. నాయుడుపేట సంబంధం. మొదటి పెళ్ళాం కాన్పులో చనిపోయింది. టైలరు షాపుంది. మన పిల్ల కుట్టుపని చూసినాడంట, మనిషిని చూడకుండానే సరేనన్నాడు."

"నా కొడుకుండగా సంబంధమేంది?"

"నీ కొడుకుంటే నేనెందుకొస్తాను? మసీదు పెద్దల్ని అడిగినాం. తల్లి నోటితో ఒక్క మాట చెప్తే చాలంటన్నారు. మిగతాది వాళ్ళు చూసుకుంటారు. రేపు జుమ్మా నమాజు అయినాక వాళ్ళని వెంటబెట్టుకుని వస్తా. నువ్వు ఆ మాటను."

"ఏ మాట?"

"ఏ మాటో నీకు తెలీదా? పోయినా..."

హుస్సేనమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"మూసుకో. బాగా మూసుకో" అంది పీరమ్మ. "నీ కొడుకు యాడున్నాడో నీకే తెలీదు. నా కూతురు మాత్రం ఇక్కడే ఉంది, నీ కళ్ళ ముందే. దాన్ని ఎప్పుడన్నా చూసినావా వదినా?"

చెవులు మూసుకున్నా ఆ మాట వినపడింది.

మాబున్ని వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. తల్లి వెళ్ళాక హుస్సేనమ్మ గుమ్మం పట్టుకుని అడిగింది. "నీకిష్టమేనా?"

ఆ పిల్ల కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. ఎప్పటిలాగే ఒక క్షణం ఆగింది.

"నాకేం తెలుసత్తా" అంది.

మధ్యాహ్నం హుస్సేనమ్మ దర్గాకి బయల్దేరింది.

రైలు కట్ట అవతల చిన్న దర్గా అది. దాని పక్కన రేకుల పంచలో మౌలాలి తాత ఉంటాడు. ఆయన ఫకీరు. దూది ఏకి పరుపులు కుట్టి బతికే ఫకీరు. అందరూ మిషనులో దూది ఆడించుకొస్తున్నా ఆయన మాత్రం ఇంకా విల్లుతోనే ఏకుతాడు. హుస్సేనమ్మ మొగుడు చనిపోయినప్పుడు ఆయన చేతిలో చెయ్యి వేసి మురీదు అయింది, అంటే ఆయన్ని గురువుగా చేసుకుంది. ప్రతి గురువారం వచ్చి పంచ ఊడ్చి, సాంబ్రాణి వేసి, ఒక మూల కూర్చుంటుంది. ఎన్ని గురువారాలు అడిగినా ఆ ఒక్క మాటకి ఆయన జవాబు చెప్పలేదు. విల్లు మోగించుకుంటూ ఉండేవాడు.

ఈసారి ఆమె ఊడవలేదు. సాంబ్రాణి వెయ్యలేదు. ఎదురుగా వచ్చి కూర్చుంది.

"తాతా, ఇవాళ నువ్వు చెప్పాల్సిందే. రేపు పెద్దోళ్ళొస్తన్నారు. ఉన్నాడంటే ఉన్నాడను. ఆ పిల్లని పట్టుకుని ఇంకో పదేళ్ళయినా ఎదురుచూస్తా. లేడంటే లేడను. ఏడుస్తా. తల బాదుకుని ఏడుస్తా. రెండూ లేకుండా నేను బతకలేకుండా ఉన్నా."

మౌలాలి తాత విల్లు పక్కన పెట్టాడు. గడ్డంలో దూది పోగులున్నాయి. వాటిని దులుపుకోకుండానే దిండు కింద నుంచి సెల్లు తీశాడు.

"ఇది పొద్దున్నుంచి కళ్ళు తెరవలేదు. ఛార్జింగు వైరేమన్నా ఉందా నీ దగ్గర?"

ఆమెకి ఒళ్ళు మండింది. "నేనేం అడిగాను, నువ్వేం అంటన్నావు తాతా?"

"వైరుందా అంటన్నా."

ఆమె చెయ్యి తెలీకుండానే బొడ్డు దగ్గరికి వెళ్ళింది. చీర కుచ్చిళ్ళ వెనక దోపుకున్న చారల గలీబు ఒకటి ఎప్పుడూ ఆమె ఒంటి మీదే ఉంటుంది.

"ఉందిగానీ, అది వాడుకునేది కాదు."

"మరి దేనికి?"

"జిలానీది."

"వాడేం చేసుకునేవాడు దాంతో?"

"సెల్లుకి పెట్టుకునేవాడు."

"నాదీ సెల్లే గదా" అన్నాడు తాత, చెయ్యి చాపి.

గురువు చాపిన చేతిని వద్దనలేక ఆమె గలీబు తీసి ఇచ్చింది. అమ్మే వైర్లలోది కాదు అది. జిలానీ తనకోసం ఉంచుకున్న పసుపుపచ్చ పట్టీ వైరు. ఆ రోజు మిషను పక్కన మర్చిపోయి వెళ్ళాడు. ఎవరన్నా తీస్తారని, దుమ్ము పడుతుందని, ఆమె దాన్ని బాగా మడతలు వేసి, గట్టిగా నొక్కి, గలీబులో పెట్టి రెండు మూతులూ కుట్టేసింది.

తాత దాన్ని పరుపు చూసినట్టే చూశాడు. బొటనవేలితో కుట్టు వెంట రాసుకుంటూ వెళ్ళాడు.

"కుట్టు బాగుంది. మూతేది?"

"కుట్టేశాను."

"రెండూనా?"

"రెండూ."

తాత తల తిప్పి దర్గా వైపు చూశాడు. లోపల సమాధి మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది.

"దిండుకి తొడిగితే గలీబంటాం. సమాధి మీద కప్పితే గిలాఫంటాం. మాట ఒకటే" అన్నాడు. "దిండుదానికి మూతుంటది."

గుడ్డ కోసే కత్తెర తీసి, గలీబు పక్కన చాప మీద పెట్టాడు.

"నువ్వే కొయ్యి తాతా, నా వల్ల కాదు."

"కుట్టింది నేను కాదు గదా."

మళ్ళీ విల్లు అందుకున్నాడు. తీగ మోగింది. దూది లేచింది.

హుస్సేనమ్మ కదలలేదు. లోపల వైరు ఎట్లా ఉందో ఆమెకి తెలుసు. పసుపుపచ్చగా, మెత్తగా, వాడి చేతి చెమట వాసనతో ఉంది. వాడు వదిలిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. దాన్ని ఎన్నిసార్లు గుడ్డ మీంచి తడుముకుందో. వాడు తిరిగొచ్చి "నా వైరేదమ్మా?" అంటే, కుట్టు ఊడదీసి "ఇదిగోరా" అని ఇవ్వాలని.

ఎవరో దిండు కోసం వచ్చి తీసుకెళ్ళారు. సాయంకాలపు అసర్ నమాజుకి పిలుపు వచ్చింది. తాత వెళ్ళి నమాజు చేసుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. కత్తెర అక్కడే ఉంది. తాత ఆమె వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే ఆమె లేచి వెళ్ళేదేమో.

ఎండ పంచలోంచి తప్పుకున్నాక ఆమె కత్తెర తీసుకుంది.

మొదటి కుట్టు తెగింది. రెండోది తెగింది. మూతి విప్పి లోపలికి వేలు పెట్టింది. వేలికి ఏదో జిగటగా తగిలింది. లాగితే రాలేదు. ఇంకొంచెం కోసింది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా గలీబు మొత్తం చీల్చింది.

లోపల పసుపుపచ్చ లేదు. ముదురు బెల్లంలాగా కరిగి, గుడ్డ చారలకి అంటుకున్న రబ్బరుంది. ఎక్కడెక్కడ మడత పెట్టిందో అక్కడల్లా చిట్లి ఉంది. చిట్లిన చోట తీగలకి ఆకుపచ్చగా చిలుము పట్టింది. మెల్లగా ఒలిచి తీద్దామనుకుంది. రబ్బరు గుడ్డతోపాటు తోలులాగా ఊడి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మందుసీసా రబ్బరు మూత వాసన. అంతే.

"దాచాను గదా తాతా!" అంది. అరిచింది అనాలి. "బాగానే దాచాను గదా! ఎండ తగలనివ్వలా. వాన తగలనివ్వలా. ఒక్క చెయ్యి తగలనివ్వలా!"

"అవునమ్మా" అన్నాడు తాత. "ఏదీ తగల్లేదు."

విల్లు ఆగింది. ఆయన కూడా ఆ వైరు వైపే చూస్తున్నాడు.

ఆమె మళ్ళీ అడిగింది. ఈసారి గొంతులో కోపం లేదు. అడుక్కునేవాళ్ళ గొంతు అది.

"వాడున్నాడా తాతా?"

"నాకు తెలీదు."

"నువ్వు గురువ్వి."

"అయినా తెలీదు. తెలిస్తే మొదటి గురువారమే చెప్పేవాణ్ణి గదమ్మా. చెప్పకుండా ఉంటానా?"

ఇన్నేళ్ళూ ఆయనకి తెలుసనీ, ఏదో పరీక్ష పెడుతున్నాడనీ, ఓర్చుకుంటే ఒకరోజు చెప్తాడనీ అనుకుంది. ఆ నమ్మకం మీదే వారం వారం రైలు కట్ట దాటి వచ్చింది. ఇప్పుడు అదీ లేదు.

తాత లేచి వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. అప్పుడే ఏకిన దూది చిటికెడు తీసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్ళకంటిన జిగురు తుడవసాగాడు. ఒక్కొక్క వేలూ తుడిచాడు. జిగురు వదల్లేదు. దూదే వేళ్ళకి అంటుకుంది.

"ఇంటికెళ్ళమ్మా" అన్నాడు. "పొద్దు వాలతంది. ఆ పిల్ల ఒక్కతే ఉంటది."

చీలిన గలీబు, అందులో వైరు ముద్ద, కొంగులో మూట కట్టుకుని హుస్సేనమ్మ రైలు కట్ట ఎక్కింది. దిగింది. దారిలో ఎవరో పలకరించారు. ఎవరో గుర్తులేదు.

ఇల్లు చేరేసరికి మాబున్ని మిషను ముందు కూర్చుని ఉంది. అత్త కోసిపెట్టి వెళ్ళిన చారల గుడ్డని, ఎవరూ చెప్పకుండానే, గలీబులుగా కుడుతోంది. బల్బు వెలుగు ఆ పిల్ల తల మీద పడుతోంది. చెవి పైన ఒక వెంట్రుక తెల్లగా మెరిసింది. హుస్సేనమ్మ గుమ్మంలోనే ఆగి ఆ వెంట్రుకను చూసింది. వంగి వంగి గూని పడిన మెడను చూసింది. కుట్టు అయిన ప్రతిదాన్నీ గొడుగు ఊచతో తిరగేసి సంచిలో వేస్తున్న ఆ చేతులను చూసింది. పెళ్ళినాడు గోరింటాకు పెట్టుకుని, గాజులు గలగలలాడించుకుంటూ ఈ గుమ్మంలోకి వచ్చింది ఈ పిల్లేనా అనిపించింది.

అప్పుడే బల్బు ఆరింది. మిషను ఆగింది. వీధి మొత్తం చీకటైంది.

మాబున్నికి అత్త వచ్చిన అలికిడి తెలిసింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. ఆగింది.

ఆ ఆగడం ఇంతకుముందు ఎన్ని వందలసార్లు జరిగిందో. హుస్సేనమ్మకి వినపడింది మాత్రం అప్పుడే.

"కరెంటు లేదత్తా" అంది మాబున్ని.

"పోయిందను."

ఆ పిల్ల సరిగ్గా విన్నానా అని సందేహపడినట్టుంది.

"ఏందత్తా?"

"కరెంటు పోయింది. అట్లా అను."

"కరెంటు..." అని ఆగింది మాబున్ని. అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలాగా అంది. "పోయిందత్తా."

"ఆఁ. రేపు మీ అమ్మ పెద్దోళ్ళని తీసుకొస్తది గదా" అంది హుస్సేనమ్మ. గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది. "నేనూ అంటాలే."

ఏమంటావని ఆ పిల్ల అడగలేదు. చీకట్లో తడుముకుంటూ వచ్చింది. మిషను కాలికి కొట్టుకున్నట్టుంది, అయినా ఆగలేదు. వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. పట్టుకుని అట్లాగే నిలబడి, శబ్దం రాకుండా ఏడ్చింది. ఎంతసేపో. హుస్సేనమ్మకి ఏడుపు రాలేదు. లోపల ఎక్కడా ఏదీ తేలికపడలేదు.

"నీ చేతికి ఏందో అంటుకునుందత్తా, జిగటగా" అంది మాబున్ని ముక్కు తుడుచుకుంటూ.

"ఏం లేదులే" అంది హుస్సేనమ్మ. "కడిగితే పోద్ది."